పాట ఆపని పిట్ట

కృత్తిక కార్తె, రెండో రోజు

గట్టయ్య పోయాడు. ఆరో సొరంగం చివరి గదిలో, పడుకున్న చాప మీదే. అరవై దాటిన మనిషి, జబ్బేమీ లేదు. నిన్న నీళ్ళ వరుసలో నా వెనకే నిలబడి, ముందున్నామె కుండ అందరి కుండలకన్నా పెద్దదని గొడవ పెట్టుకున్నాడు.

గోడపత్రికకు రాసుకోవడానికి వెళ్ళాను. పైన పత్రికలు అచ్చయిన రోజుల్లో నేను విలేకరిని. ఇప్పుడు గని లోపల, నీళ్ళ తొట్టి పక్కనున్న గోడకు వారానికో కాగితం అంటిస్తాను. ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఏ సొరంగానికి నీళ్ళు తగ్గాయి. అందులో పట్టనివి ఇక్కడ రాసుకుంటాను.

మా సొరంగానికి పెద్ద సర్దార్ కొమురయ్య. గది తలుపు దగ్గరే నన్ను ఆపాడు.

"గుండె ఆగింది, విలేకరమ్మా. గంతే రాయి."

"ఎవరు సూసి చెప్పిన్రు?"

"సూసుడెందుకు? పిట్ట పాడుతనే ఉన్నది గదా."

అది నిజం. సొరంగం మొగదలలో, దీపం కింద వేలాడే పంజరంలో పిట్ట పాడుతూనే ఉంది. నిద్ర షిఫ్టంతా పాడిందని పక్క గదుల వాళ్ళూ చెప్పారు.

శవానికి స్నానం చేయించేటప్పుడు చూశాను. గట్టయ్య నల్లటి మనిషి. పెదాలు, గోళ్ళు తాంబూలం వేసుకున్నవాడి నోటిలా ఎర్రగా ఉన్నాయి. గనిలోకి తమలపాకు వచ్చి చాలా ఏళ్ళయింది.

కాగితం మీద "గుండె ఆగింది" అని రాయలేదు. "నిద్రలో మరణించారు" అని రాశాను. నాకు తెలిసింది అంతవరకే.

కృత్తిక కార్తె, ఆరో రోజు

పొద్దున్నే తలనొప్పి. నాకే కాదు, చివరి గదుల వాళ్ళందరికీ. మా ఆడబిడ్డ సమ్మక్క వదినె తలకు గుడ్డ బిగించుకుని కూర్చుంది.

"వదినె, ఎప్పటిసంది నొస్తున్నది?"

"నీ మొగుడు పుట్టినప్పటిసంది" అంది.

ఆమె తమ్ముడు ఓదెలు, నా భర్త, కుసుమ గింజలు చెరుగుతున్నాడు. నవ్వలేదు. గింజలు చెరిగేటప్పుడు అతనికి మాటలు వినబడవు. గనిలోని పిట్టలన్నీ అతని చేతి పెంపకమే. వాళ్ళ నాన్న కాలం నుంచి అదే పని.

వీటిని మేము పసిడిరెక్కలంటాం. మూతి ఎరుపు, రెక్క మీద పసుపు పట్టీ. మన దేశపు పిట్టలు కావు. చలి దేశాల్లో వాటి అడవులు కాలిపోతున్నప్పుడు ఎవరో పెట్టెల్లో పెట్టి తెచ్చారట. పైన మన ఎండకు ఒక్క పూట బతకవు. గని లోపల చల్లగా ఉంటుంది కాబట్టి మాలాగే ఇక్కడ బతికిపోయాయి.

గనిలో పాత పనులు జరిగి మూసేసిన చోట్ల బొగ్గు లోలోపల రాజుకుంటూనే ఉంటుంది. అక్కడి నుంచి వచ్చే గాలికి వాసన ఉండదు, రంగు ఉండదు. దొంగగాలి అంటాం. మనిషికి తెలిసేలోపు మనిషి అయిపోతాడు. ఆ గాలి కొలిచే మీటర్లలో ఆఖరిది ఫ్యాను గదిలో వేలాడుతోంది. కొన్నేళ్ళుగా ఒకటే అంకె చూపిస్తోంది. అందుకే పిట్టలు. మొదట్లో కొమ్మ మీది నుంచి పిట్ట పడిందా లేదా అని చూసేవాళ్ళు. పనులు చేసుకుంటూ పంజరం వైపు చూస్తూ కూర్చోవడం కుదరదు కాబట్టి, తర్వాత చెవితో వినడం మొదలైంది. పాట వినబడుతున్నంతసేపు గాలి మంచిది. పాట ఆగితే అందరూ పైకి.

పైకి అని రాయడం సులువు. మూడేళ్ళ కింద రోహిణి కార్తెలో మా పిట్ట పాట ఆపింది. సొరంగం మొత్తం ఏటవాలు దారిన పైకెక్కి రేకుల షెడ్డు చేరుకుంది. గాలిలో దోషమేమీ లేదు. పిట్ట ఈకలు రాలుస్తోంది, అంతే. ఈకలు రాల్చేటప్పుడు పసిడిరెక్కలు పాడవు. షెడ్డులో వడదెబ్బకు పదకొండు మంది పోయారు. సమ్మక్క వదినె భర్త అందులో ఒకడు. తడిపిన గోనెసంచి మీద, ఆమె చేతుల్లోనే.

ఆ ఏడాది నుంచి సర్దార్లందరూ ఒక మాట మీద ఉన్నారు. ఈకలు రాల్చినా పాడే పిట్టే కావాలి. వానలు పడి అందరం పైకి వెళ్ళినప్పుడు పాటల పోటీ జరుగుతుంది. అన్నిటికన్నా ఎక్కువసేపు పాడిన పిట్టకు గజ్జె కడతారు. మరుసటి ఏడు జతకు దాన్నే వాడతారు. నిరుడు గజ్జె కట్టించుకున్నది ఇప్పుడు మా సొరంగం మొగదలలో ఉంది.

కృత్తిక కార్తె, పన్నెండో రోజు

రాజపోశం, అతని భార్య లసుంబాయి. ఇద్దరూ ఒకే చాప మీద. గట్టయ్య గదికి పక్క గది. గోళ్ళు ఎరుపు.

పిట్ట పాడుతోంది.

సర్దార్ కొమురయ్య ఈసారి గుండె అనలేదు. "ఏదో తిన్నరు" అన్నాడు. వాళ్ళు తిన్న అంబలే మేమూ తిన్నాం.

ఇంటికి వచ్చి ఓదెలును అడిగాను.

"నీ పిట్ట ఎప్పుడన్న పడ్డదా?"

"నా చేతిల పెరిగింది ఒక్కటి పడలే" అన్నాడు. గొప్పగానే అన్నాడు.

"మా మామ కాలంల?"

"అయ్య కాలంల ఏడాదికి రెండు మూడు పడేటియి. జనం పైకి ఎక్కేటోళ్ళు. మళ్ళ అయ్య ఉన్నయాటిల నుంచి జత కట్టేటోడు."

"పడ్డయాటికి పిల్లలుండెనా?"

"సచ్చిన పిట్టకు పిల్లలెట్లయితయే? పిచ్చి లేసిందా నీకు?"

గింజల చేట అతని చేతిలో అలాగే ఆగిపోయింది. 

దొంగగాలికి పడిన ప్రతి పిట్టా తన పని చేసి, పిల్లలు లేకుండా పోయింది. పడకుండా నిలిచినవాటితో ఇన్నేళ్ళూ సంతతి పెంచాం. అందులోనూ పాట ఆపనివాటిని ఏరుకున్నాం. ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు. ప్రతి ఏడూ మంచి పిట్టనే ఎన్నుకున్నామని అనుకున్నాం.

చివరికి ఓదెలు చేట పక్కన పెట్టి అన్నాడు: "నువ్వు విలేకరివి. నీకు ఎవలనన్న తప్పు వట్టకుంటె పొద్దువోదు."

రోహిణి కార్తె, మొదటి రోజు

నా అనుమానం తప్పని చూపించడానికే ఓదెలు గజ్జె కట్టిన పిట్టను తీసుకుని బయల్దేరాడు. నేను వెంట వెళ్ళాను.

ఆరో సొరంగం అవతల, మూసేసిన పాత పనులకు అడ్డంగా ఇటుక గోడ ఉంది. గోడలో ఒక ఇనుప గొట్టం, దానికి కర్ర బిరడా. వెనకటికి అందులోంచి గాలి పట్టి పరీక్షకు పంపేవాళ్ళు. ఓదెలు పంజరాన్ని గొట్టం ముందు పెట్టి బిరడా పీకాడు.

"సూడు" అన్నాడు.

పిట్ట పాడింది. తోక ఆడించింది. ఒక కుసుమ గింజ వలిచి తిని మళ్ళీ పాడింది.

"సూసినవా? గాలి మంచిగనే ఉన్నది" అన్నాడు ఓదెలు. తర్వాత గోడకు చెయ్యి ఆనించాడు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఏదో అడుగుతున్నట్టు నా వైపు చూశాడు కానీ మాట రాలేదు. పక్కకు ఒరిగాడు.

నేను దూరంగా, ఫ్యాను గాలి తగిలే వైపు నిలబడి ఉన్నాను. అందుకే నిలబడగలిగాను. బిరడా బిగించి, చంకల కింద చేతులు వేసి అతన్ని లాక్కొచ్చాను. దారిలో రెండుసార్లు వాంతి చేసుకున్నాను. వెనక, గోడ దగ్గర వదిలేసిన పంజరంలో పిట్ట పాట వినిపిస్తూనే ఉంది.

ఫ్యాను ముందు పడుకోబెట్టినప్పుడు చూశాను, అతని గోళ్ళకూ అదే ఎరుపు. కాసేపటికి తెలివి వచ్చింది. మొదట అడిగింది పిట్ట గురించే.

"పడ్డదా?"

"లేదు."

ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

రోహిణి కార్తె, మూడో రోజు

సర్దార్ కొమురయ్య సొరంగం వాళ్ళందరినీ కూర్చోబెట్టాడు. నేను చూసింది చూసినట్టు చెప్పాను. గోడకు పగుళ్ళు పట్టాయి, దొంగగాలి మన వైపు వస్తోంది, పిట్టను నమ్మడానికి లేదు.

"ఓదెలన్న చేతికొచ్చినసంది పన్నెండేండ్లు మా పానాలు కాపాడిన పిట్టలకు వంకలు పెడుతున్నవా?" అన్నారు ఎవరో.

"పిట్టలు కాపాడలే. గాలి మంచిగుండె, గంతే" అన్నాను.

ఇంకెవరో ఓదెలు వైపు తిరిగి, "నీ భార్యకు గజ్జె కట్టు ఓదెలన్నా, ఆపకుంట పాడుతున్నది" అన్నారు. జనం నవ్వారు. ఓదెలు తల ఎత్తలేదు.

కొమురయ్య నవ్వలేదు. ఆయన చెడ్డవాడు కాదు. "నీ మాట నిజమే అనుకుందాం, విలేకరమ్మా. ఎటు పోవాలె? పైన రోహిణి. మిగిలిన సొరంగాలల్ల మనిషి మీద మనిషి పండుకుంటున్నరు. గోడకు మట్టి కొట్టిస్త, పగుళ్ళు పూడిపిస్త. గాలి ఆగిందో లేదో ఎట్ల తెలుస్తది? పడే పిట్టను తెచ్చి సూపెట్టు, ఇప్పుడే అందరం లేస్తం."

పడే పిట్ట మా దగ్గర లేదు. ఏ సొరంగంలోనూ లేదు.

అప్పుడు సమ్మక్క వదినె లేచి నిలబడింది. నిలబడటానికే గోడ పట్టుకోవాలి, ఊపిరి ఆడదు.

"నేను కూసుంట" అంది.

ఎవరికీ అర్థం కాలేదు.

"ఆ చివరి గదిల. నా పానం సగం పోయిందే. గాలి చెడితె అందరికంటె ముందు నాకే తెలుస్తది. పిట్టకు పాటొచ్చు, నాకు మాటలొచ్చు. నేను మాట్లాడుతున్నంతసేపు మీరు మీ పని చేసుకోన్రి. నా నోరు ఆగితే లేవున్రి."

"నీ నోరు ఎప్పుడాగింది, అత్తా?" అన్నాడు కొమురయ్య. అందరూ మళ్ళీ నవ్వారు, వదినె కూడా.

నేను వద్దన్నాను. ఓదెలు వద్దన్నాడు. చేతులెత్తమంటే మేమిద్దరమే ఎత్తాం.

రోహిణి కార్తె, ఏడో రోజు

వదినె గది తలుపు తీసి ఉంటుంది. సొరంగమంతా ఆమె గొంతు వినబడుతుంది. తన పెళ్ళిలో ఎవరు అలిగారు, గోదావరిలో నీళ్ళున్నప్పుడు ఏ చేప ఎలా వండేవాళ్ళు, ఎవరి తాత ఎవరి మేకను దొంగిలించాడు. ఆ తాత మనవడు అవతల నుంచి అరుస్తాడు, "మేక కాదు, గొర్రె!" అని. మూడేళ్ళలో మా సొరంగం ఇంత నవ్వింది లేదు.

పగుళ్ళకు మట్టి కొట్టారు. కొత్తగా ఎవరూ పోలేదు.

నేను నీళ్ళు తీసుకెళ్ళినప్పుడల్లా అడుగుతున్నాను.

"తలనొప్పా, వదినె?"

"లేదే."

"కళ్ళు తిరుగుతున్నయా?"

"నిన్ను సూస్తె తిరుగుతయి."

అంబలి సగం మిగులుస్తోంది. ఎండకు నోరు చేదయిందట. ఈ గదిలోకి ఎండ రాదు.

రోహిణి కార్తె, పదో రోజు

ఈ పూట చేపల పులుసు సంగతి చెప్పింది. కాసేపటికి మళ్ళీ అదే చెప్పింది. మూడోసారి మొదలుపెట్టినప్పుడు నేను గిన్నెలు కడుగుతున్నాను. ముసలితనం అనుకుని మరో రెండు గిన్నెలు కడిగాను. తర్వాత దీపం తీసుకుని పరుగెత్తాను.

గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. దీపం దగ్గర పెట్టి ఆమె చేతులు చూశాను. గోళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"లేవున్రి!" అని అరిచాను. "అందరు లేవున్రి!"

వదినె నా చెయ్యి పట్టుకుంది. పట్టు గట్టిగానే ఉంది.

"ఎందుకు లేపుతున్నవే? నేను మాట్లాడుతున్న గదా."

"తలనొప్పి ఎప్పటిసంది, వదినె? నిజం చెప్పు."

"నాలుగు దినాలసంది. ఏమైతది? పైకి పోతె సస్తరే. మా ఆయన ఎట్ల పోయిండో నేను సూడలేదా? నేను మాట్లాడుతుంటె మీరు ఎక్కరు. ఎక్కకుంటె బతుకుతరు."

ఓదెలు వచ్చి ఆమెను వీపు మీద ఎత్తుకున్నాడు. నేను వెనక పట్టుకున్నాను. కొమురయ్య గదిగదికీ వెళ్ళి జనాన్ని తోలాడు. సగం మంది లేచి నిలబడలేకపోయారు. నిలబడ్డవాళ్ళు వాళ్ళను మోశారు. మొగదల దాటేటప్పుడు చూశాను, గోడ దగ్గరి నుంచి తెచ్చి మళ్ళీ వేలాడదీసిన గజ్జె పిట్ట పాడుతోంది. ఎవరూ పంజరం దించలేదు.

ఏటవాలు దారి సగంలో వదినె చేపల పులుసులో చింతపండు ఎంత వేయాలో ఓదెలు చెవిలో చెబుతోంది. తర్వాత చెప్పలేదు. ఓదెలు ఆగలేదు. పై వరకూ మోసుకెళ్ళాడు.

మృగశిర కార్తె, మొదటి రోజు

షెడ్డులో ఒక పగలు గడిపాం. పెద్దవాళ్ళు ఇద్దరు వడదెబ్బకు పోయారు. పొద్దు వాలాక మిగిలిన సొరంగాల వాళ్ళు మమ్మల్ని పంచుకున్నారు. మేమిప్పుడు రెండో సొరంగంలో, ఒక గదిలో తొమ్మిది మందిమి. ఆరో సొరంగానికి మొగదల దగ్గరే, పాత గోడకున్నట్టే ఒక గొట్టం పెట్టి, ఇటుక గోడ కట్టారు.

గోడపత్రికలో సమ్మక్క వదినెతో కలిపి పోయిన ముగ్గురి పేర్లూ రాశాను. ఆరో సొరంగంలో దొంగగాలి చేరిందనీ, పిట్ట పాడుతూనే ఉందనీ, ఏ సొరంగంలోనూ పాటను నమ్మవద్దనీ రాశాను. సమ్మక్క గురించి ఒక వాక్యం ఎక్కువ రాయాలనిపించింది. ఆమె మాట్లాడుతూనే ఉంది కాబట్టి జనం నాలుగు రోజులు కదల్లేదు. ఆమె అక్కడ కూర్చుంది కాబట్టే నేను గోళ్ళు చూశాను. రెండూ నిజమే. రెండూ రాసి, ఏదీ కొట్టేయకుండా అంటించాను.

ఓదెలుతో ఎవరూ మాట్లాడటం లేదు. నీళ్ళ వరుసలో అతనికి వెనకా ముందూ ఖాళీ ఉంటుంది.

పుష్యమి కార్తె, నాలుగో రోజు

వానలు పడ్డాయి. అందరం పైకి వచ్చాం. పాటల పోటీ లేదు. పిట్టలను మాత్రం గని మొదట్లో, చల్లటి చోటే ఉంచారు.

ఓదెలు మొదలుపెట్టిన పని గురించి కొమురయ్యకు చెప్పాలి, ఎవరో ఒకరు చెప్పకముందే. నేనే వెళ్ళి చెప్పాను.

పడిన పిట్టకు పిల్లలు ఉండరు. కానీ తోబుట్టువులు ఉంటాయి. ఒక్కో గూటి నుంచి ఎగరడం నేర్చిన ఒక పిల్లను ఓదెలు కొత్త ఇటుక గోడ గొట్టం దగ్గరికి తీసుకెళతాడు. పిల్లలకు ఇంకా పాట రాదు. చూడాల్సింది కొమ్మ మీద నిలబడుతుందా లేదా అనే. పడితే ఆ గూటి మిగతా పిల్లలను జతకు ఉంచుతాడు. పడకపోతే ఆ గూటిని జతకు వాడడు. నడుముకు తాడు కట్టుకుని వెళతాడు. తాడు రెండో కొస నా చేతిలో ఉంటుంది.

కొమురయ్య విన్నాడు. "అంటే వచ్చే ఏడు మాకు పాడని పిట్టలిస్తడా?"

"పడే పిట్టలిస్తడు. ఎప్పుడిస్తడో తెల్వది. ఒక ఏడు పని కాదు."

"అప్పటిదాంక?"

"అప్పటిదాంక ఒకల గోళ్ళు ఒకలు సూసుకోవాలె."

ఆయన తన చేతి వేళ్ళ వైపు చూసుకున్నాడు. "సరే" అన్నాడు. వెళ్ళేటప్పుడు, తాడు పాతదైతే కొత్తది పంపిస్తానన్నాడు.

ఆశ్లేష కార్తె, తొమ్మిదో రోజు

ఇప్పటివరకు ఓదెలు తీసుకెళ్ళిన ఏ పిల్లా పడలేదు. గొట్టం ముందు గెంతుతూ గింజలు తిని తిరిగొచ్చాయి. వాటిని తెచ్చి గూట్లో పెట్టి, ఆ గూటిని జత గూళ్ళ నుంచి పక్కకు జరుపుతాడు. వెనకటికి పిట్ట బతికొస్తే పండగ చేసుకునేవాడు.

ఈ రోజు తొందరగా తాడు లాగాడు. నేను ఇవతలి నుంచి లాగుతుంటే, మంచి గాలి వైపు వచ్చి నేల మీద కూర్చున్నాడు. అరచేతిలో పిల్ల. మూతికి ఇంకా ఎరుపు రాలేదు, రెక్క మీద పసుపు మాత్రం ఉంది. కాళ్ళు ముడుచుకుని ఉన్నాయి.

"బిరడా తీసుడుతోనే, లచ్చిమీ" అన్నాడు. "కొమ్మ మీదికెల్లి గట్లనే కింద పడ్డది."

ఈ మనిషి ఏడవడం వాళ్ళ అక్క సమ్మక్క పోయినప్పుడు కూడా నేను చూడలేదు. ఇప్పుడు ఏడ్చాడు. బాగా ఏడ్చాక ముఖం తుడుచుకుని, పిల్లను నా చేతిలో పెట్టాడు. ఇంకా వెచ్చగా ఉంది. గింజ కన్నా బరువు లేదు.

"దీని తోడబుట్టినయి మూడున్నయి" అని, వాటికి మేత పెట్టడానికి లేచాడు.